పట్నాయక్ గారి అరచెయ్యి, నా నెత్తి

నేను ఒక బెల్లును. గుడిలో వేలాడేదాన్ని కాను, బడిలో మోగేదాన్ని కాను, గుమ్మం పక్కన మీట నొక్కితే పిట్టలా కూసేదాన్ని అసలే కాను. ఆఫీసు బల్ల మీద ఇంకు మరకల పక్కన బోర్లించిన ఇత్తడి చిప్పలా కూర్చుని, నెత్తి మీది బొడిపె నొక్కితే "టింగ్" అంటానే, ఆ బెల్లును. మీరు నన్ను చూసే ఉంటారు. అప్పుడు మీరు బల్లకు అవతల అర్జీ పట్టుకుని నిలబడి ఉంటారు కాబట్టి నా ముఖం గుర్తుండదు. అందుకు నేనేమీ అనుకోను.

నన్ను పోతపోసినవాడు సన్యాసాచారి అనే కంచరి. ఒక పెద్ద గుడిగంట పోయగా మూసలో మిగిలిన లోహాన్ని పారేయడం ఇష్టంలేక నన్ను చేశాడు. అంటే నాకొక అన్న ఉన్నాడు. వాడు గుడికి వెళ్ళాడు. వాడిని కొట్టేవాళ్ళు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కళ్ళు మూసుకుని కొడతారు. నన్ను కొట్టేవాళ్ళు ఏదీ విప్పరు, ఏదీ కడుక్కోరు. అయినా వాడి మీద నాకు అసూయ లేదు. వాడిని కొడితే దేవుడు వస్తాడో రాడో నాకు తెలియదు. నన్ను కొడితే మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు.

నా మొదటి యజమాని లోకనాథం. భోజన హోటలు ఆయనది. ఇంకో రెండు పప్పులు కావాలన్నా, మంచినీళ్ళు కావాలన్నా చూపుడువేలితో నన్ను ఒక్కసారి తట్టేవాడు. ఆయనకు చిరాకు వస్తే పాడేవాడు. పన్నెండున్నరకు జనం గుమ్మందాకా నిలబడి, లోపల సాంబారు అయిపోయిందని కబురు వస్తే చాలు, ముక్కుతో కూనిరాగం మొదలయ్యేది. పరిస్థితి ఎంత విషమిస్తే గొంతు అంత పైకి లేచేది. పాత ఖాతాదారులు గుమ్మంలోనే ఆగి, చెవి ఒగ్గి విని, "ఇవాళ పెరుగు కూడా లేనట్టుంది" అని పక్క హోటలుకు వెళ్ళిపోయేవారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మునిసిపాలిటీవాళ్ళు వచ్చి హోటలు ముందున్న రెండు బెంచీలూ, ఒక బోర్డూ పట్టుకుపోయారు. బెంచీ మీద నేనూ ఉన్నాను. గుమాస్తా కాగితం మీద "రెండు బెంచీలు, ఒక బోర్డు" అని రాసుకున్నాడు తప్ప నన్ను రాయలేదు. ఆ రోజు లోకనాథం పాడిన పాట వీధి చివరిదాకా వినిపించింది. పోతే, నేను రికార్డుల్లో లేనన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మునిసిపాలిటీ పేరు చెప్పను. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే ఊరు అంటే చాలు, ఎవరికి వాళ్ళు తమ ఊరే అనుకుంటారు. నేను నీటి సరఫరా ఏఈ గారి బల్ల ఎక్కాను. అక్కడ నాకు మొదట దొరికినవాడు ఒక మౌనస్వామి. ఆయన నన్ను మూడేళ్ళలో నాలుగుసార్లు కొట్టాడు. ఎవరేమన్నా తల ఊపేవాడు, ఏదీ బయటికి అనేవాడు కాదు, పెన్ను మూతలు మాత్రం నమిలేవాడు. ఆయన హయాంలో ఆ గదిలో మూత ఉన్న పెన్ను లేదు. చివరికి కడుపులో పుండని సెలవు పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత ఝాన్సీ మేడం. ఆవిడ సొరుగులో జంతికల డబ్బా ఉండేది. కమిషనర్ గారి ఫోను వస్తే కుడిచేత్తో ఫోను, ఎడమచేత్తో జంతిక. "ఎస్ సార్" అనడానికీ "కరకర" అనడానికీ మధ్య సందు ఉండేది కాదు. ఆవిడ వేళ్ళ నూనె ఇప్పటికీ నా అంచు కింద ఉంది.

అలా చూస్తూ చూస్తూ నాకొక విషయం అర్థమైంది. మనుషులకు లోపల ఏదైనా ఒత్తిడి పుడితే అది ఏదో ఒక దారిన బయటికి రావాల్సిందే. ఒకరికి గొంతులోంచి, ఒకరికి పళ్ళలోంచి, ఇంకొకరికి నోట్లోకి జంతిక రూపంలో. వింతేమిటంటే అది ఏ దారిన వస్తోందో చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుస్తుంది, ఆ మనిషికి తప్ప. ఉమాకాంత పట్నాయక్ గారికి అది అరచేతిలోంచి వచ్చేది. ఆ చేతికి సరిగ్గా కింద నా నెత్తి ఉండేది.

పట్నాయక్ గారు చెడ్డవారు కారు. ఇరవై ఏళ్ళు మోటార్ల మధ్య పనిచేసి, ఆఫీసు కుర్చీకి కొత్తగా వచ్చిన మనిషి. మెత్తటి గొంతు, నున్నగా దువ్విన తల. "నాకు టెన్షన్ అనేది తెలీదండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. తెల్ల కాగితం మీద "శాంతము" అని సొంత దస్తూరీతో రాసి ఎదురు గోడకు అంటించుకున్నారు. మొదటి రోజు ఆ కాగితం అంటించి కూర్చుని, మంచినీళ్ళ కోసం నన్ను పదకొండుసార్లు కొట్టారు. నీటి సరఫరా ఆఫీసు కొళాయిలో నీళ్ళు రావని ఆయనకింకా తెలియదు. అటెండరు అసిరమ్మ ఎదురింటికి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకొచ్చింది.

అసిరమ్మ భర్త ఇదే ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగి. ఆయన పోతే కారుణ్య నియామకం కింద ఆవిడకు ఈ ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్ళు పరిశీలనలో ఉండాలి. మే నెలాఖరుకు ఆ రెండేళ్ళు నిండుతాయి. అప్పుడు ఏఈ గారు ఒక కాగితం మీద "పని సంతృప్తికరం" అని రాసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. ఈలోగా ఒక్క మెమో పడినా గడువు పొడిగిస్తారు, రెండోది పడితే ఇంటికి పంపిస్తారు. ఇంట్లో ఆవిడకున్నది ఎనిమిదో తరగతి చదివే కూతురు హైమ ఒక్కతే. ఆ ఇద్దరి బతుకూ ఆ ఒక్క సంతకం మీద ఆధారపడి ఉంది.

ఒక ఉదయం కౌన్సిలరు ఫోను చేశాడు. తన వార్డుకు మూడు రోజులుగా నీళ్ళు లేవనీ, జనం ఖాళీ బిందెలతో తన ఇంటి ముందు కూర్చున్నారనీ కేకలు వేస్తున్నాడు. నాకు ఇవతలికే వినిపిస్తోంది. పట్నాయక్ గారి గొంతు మాత్రం వెన్నపూస. "అలాగేనండీ… తప్పకుండానండీ… మీ వార్డుకే ముందు పంపిస్తానండీ." ప్రతి "అండీ"కీ ఆయన అరచెయ్యి నా మీద ఒకసారి పడుతోంది. ఏడు అండీలు, ఏడు టింగులు. అసిరమ్మ కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఎందుకొచ్చావు?" అన్నారు ఆయన ఫోను పెట్టేసి.

"బెల్లు కొట్టినారు గదా సార్."

"నేనా? లేదే. నేను ఫోనులో మాట్లాడుతున్నాను."

"ఏడుసార్లు కొట్టినారు సార్."

"అసిరమ్మా, నీకు చెవుల్లో ఏదో మోత ఉన్నట్టుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకో" అన్నారు నిజమైన జాలితో.

ఆవిడ మర్నాడు ఒక పూట సెలవు పెట్టి పెద్దాసుపత్రికి వెళ్ళి నిజంగానే చూపించుకుంది. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆవిడ ఆ చీటీని మడిచి దాచుకుంది. ఈ ఆఫీసులో పారేసిన కాగితమే రేపు కావాల్సి వస్తుందని రెండేళ్ళలో నేర్చుకుంది మరి.

ఆ రోజు నుంచి అసిరమ్మ నా భాష చదవడం మొదలుపెట్టింది. ఒక టింగు టీకి, రెండు ఫైలుకు, మూడు ఎవరో వచ్చారనడానికి. నాలుగు దాటితే పని ఏదీ లేదన్నమాట, అయ్యగారి కడుపులో ఏదో రగులుతోందన్నమాట. అప్పుడు పరుగెత్తకూడదు. గ్లాసులో నీళ్ళు పోసుకుని, గుమ్మందాకా నెమ్మదిగా నడిచి, అక్కడొక క్షణం ఆగి వెళ్ళాలి. ఆ ఆలస్యానికి సగం మంట చల్లారేది. మంచినీళ్ళు తాగి ఆయన "నువ్వు సమయానికి వస్తావమ్మా" అని మెచ్చుకునేవారు.

ఏప్రిల్ రాగానే ఆవిడకు సంతకం బెంగ పట్టుకుంది. అంతకుముందు వాచ్‌మన్ అప్పలసూరి తన సెలవు కాగితం ఒక సోమవారం మధ్యాహ్నం ఏఈ గారి ముందు పెట్టాడు. సోమవారం అర్జీల రోజు. ఆ కాగితం ఎర్ర సిరాతో ఐదు ప్రశ్నలు మోసుకుని వెనక్కి వచ్చింది. మరి తన కాగితం ఏ రోజు పెట్టాలి? పురోహితుణ్ణి అడిగితే తిథి చెబుతాడు, ఏఈ గారి సంగతి చెప్పలేడు. అందుకని వరండాలో తలుపు వెనక వేలాడే కేలెండరు మీద, ఏ రోజుకారోజు, ఆయన ఒక్క ఊపున నన్ను అత్యధికంగా ఎన్నిసార్లు కొట్టారో పెన్సిలుతో రాయసాగింది. తన ముహూర్తం తనే పెట్టుకుంది.

మూడు వారాలు తిరిగేసరికి కేలెండరు మాట్లాడటం మొదలుపెట్టింది. సోమవారాలు పద్నాలుగు, పన్నెండు, పద్నాలుగు. గురువారాలు పదిహేను, పదిహేను, పదహారు. గురువారం పట్నాయక్ గారు ఉపవాసం. దేవుడి మీద భక్తితో కడుపు మాడ్చుకుని, ఆ ఆకలంతా నా నెత్తి మీద తీర్చుకునేవారు. మంగళవారాలు మాత్రం ఒకటి, సున్న, ఒకటి. మంగళవారం పొద్దున్నే ఆయన ఏటి ఒడ్డున పంపుహౌసుకు వెళ్ళి మోటార్లు చూసుకునేవారు. అక్కడ చొక్కా చేతులు మడిచి, రెంచి పట్టుకుని, ఫిట్టర్లను పక్కకు జరగమని తనే నట్లు బిగించేవారట. సాయంత్రం చేతులకు గ్రీజుతో, ముఖాన చిన్నపిల్లాడి నవ్వుతో తిరిగొచ్చేవారు. ఆ రోజు టీకి కూడా నన్ను కొట్టేవారు కాదు, "అసిరమ్మా" అని పిలిచేవారు.

ఇంత లెక్కా తెలిసి కూడా ఆవిడ తొందరపడలేదు. ఇంకో రెండు మంగళవారాలు చూసి పెడదామనుకుంది. ఆ రెండు మంగళవారాల్లోనే కొంప మునిగింది.

మే నెలలో ఎవరో కమిషనర్ గారికి సంతకం లేని ఉత్తరం రాశారు. వాడల్లోకి పోవాల్సిన నీళ్ళ ట్యాంకర్లను పట్నాయక్ గారు కల్యాణ మండపాలకు మళ్ళిస్తున్నారని అందులో ఉంది. అది పచ్చి అబద్ధం. నేను ఆ బల్ల మీదే ఉన్నాను కదా, నాకు తెలుసు. కానీ అబద్ధానికి కూడా సంజాయిషీ రాయాలి. ఆ వారం నా నెత్తి వాచిపోయింది.

సరిగ్గా అప్పుడే సీనియర్ అసిస్టెంటు కూర్మారావు ఏకాదశి ఎప్పుడో చూద్దామని తలుపు వెనక్కి వెళ్ళాడు. కేలెండరు చూశాడు. గడి గడికీ అంకెలు. కొన్ని గడుల్లో అంకె కింద చిన్న చిన్న సున్నాలు. వేసవిలో నీళ్ళ ఆఫీసులో పనిచేసేవాడికి ఏ అంకె కనిపించినా ఒకటే అర్థమవుతుంది. కూర్మారావు కేలెండరు పీకి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"సార్, దొరికారు. మన ఆఫీసులోనే ఎవరో ట్యాంకరు ట్రిప్పులు రాసి పంపుతున్నారు."

పట్నాయక్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "గురువారం పదిహేనా? మనం వేసింది పదకొండు ట్రిప్పులే కదయ్యా?"

"అదే కదా సార్. నాలుగు దొంగ ట్రిప్పులు కలిపి రాస్తున్నారు."

"మరి మంగళవారం సున్న ఏమిటి? మంగళవారం పన్నెండు వేశాం."

"మీరు పంపుహౌసులో ఉంటే చూసేవాళ్ళు లేరు గనక, ఆ రోజు ట్రిప్పులే లేవని రాశారు సార్."

"ఈ కింద చిన్న సున్నాలు?"

కూర్మారావు అర నిమిషం ఆలోచించాడు. "ఖాళీ ట్యాంకర్లు సార్" అన్నాడు.

నాకు నోరుంటే నవ్వేదాన్ని. ఇద్దరు చదువుకున్నవాళ్ళు గంటసేపు ట్యాంకర్ల పుస్తకం ముందేసుకుని, నా దెబ్బల లెక్కతో ట్రిప్పులు సరిపోల్చారు. ఒక్కటీ కుదరలేదు. కుదరనకొద్దీ పట్నాయక్ గారికి అది పెద్ద కుట్రలా కనిపించింది, కుట్ర కనిపించినకొద్దీ ఆయన చెయ్యి నా మీద పడింది. వాళ్ళు వెతుకుతున్న లెక్క వాళ్ళ కళ్ళ ముందే మోగుతోంది. ఎవరికీ వినిపించలేదు.

దస్తూరీ అసిరమ్మదని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. బుధవారం సాయంత్రం ఆవిడ చేతికి మెమో అందింది. ఆఫీసు రహస్యాలను అనుమతి లేకుండా నమోదు చేసినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు నవ్వు రాలేదు నాకు. ఆ కేలెండరు మీద ఉన్నవన్నీ నేను చేసిన చప్పుళ్ళే, శిక్ష మాత్రం ఆవిడకు.

మర్నాడు గురువారం. వారాలన్నిట్లోకీ గురువారం. ఉదయం పదకొండున్నరకు కమిషనర్ గారితో మాట్లాడి ఫోను పెట్టేసిన పట్నాయక్ గారి ముందుకు అసిరమ్మ వచ్చి నిలబడింది. పక్కన కూర్మారావు. బల్ల మీద కేలెండరు. ఆవిడ మొదట చెవుల చీటీ తీసి పెట్టింది.

"ఇదేమిటి?" అన్నారు ఆయన.

"నా సెవులు బాగున్నాయని డాకటరు బాబు రాసిచ్చిన సీటీ సార్. తవరే సూపించుకోమన్నారు."

"దీనికీ మెమోకీ ఏమిటి సంబంధం?"

"అవి టేంకర్లు కావు సార్. టేంకర్ల గొడవ నాకేటి తెల్సు? అవి తవరు కొట్టిన బెల్లులు. నాను ఇన్నవే రాసినాను, ఒకటి ఎక్కువ రాయనేదు, ఒకటి తక్కువ రాయనేదు."

"బెల్లులా?" ఆయన గొంతు పెరగలేదు. చెయ్యి పడింది. టింగ్. "నేను రోజుకు పదిహేనుసార్లు బెల్లు కొడతానా?" టింగ్, టింగ్. "నాకు టెన్షన్ అంటే ఏమిటో తెలీదని ఈ ఆఫీసులో అందరికీ తెలుసు!" టింగ్, టింగ్, టింగ్.

అసిరమ్మ తల వంచుకుని, గొణుగుతున్నట్టు, "ఐదు… ఆరు…" అంది.

"ఏమిటి గొణుగుతున్నావు?" టింగ్.

"ఏడు సార్."

"ఏం కూర్మారావ్, నేను కొడుతున్నానా?" టింగ్.

"ఎనిమిది సార్" అన్నాడు కూర్మారావు. పాపం, అతను చెప్పాలనుకుని చెప్పలేదు. లెక్కలు చూసే మనిషి గనక నోట్లోంచి వచ్చేసింది.

తొమ్మిదో దెబ్బకు నా లోపల ఏదో పుటుక్కుమంది. హోటలు నుంచి నన్ను మోస్తూ వచ్చిన స్ప్రింగు అది. పదో దెబ్బ పడింది కానీ నేను మోగలేదు. "టక్" అని చెక్క మీద చెయ్యి పడిన చప్పుడు మాత్రం వచ్చింది. ఆ గదిలో ఒక్కసారిగా అంత నిశ్శబ్దం కావడంతో పట్నాయక్ గారు ఉలిక్కిపడి చూసుకున్నారు. ఆయన చెయ్యి పదకొండోదానికి గాల్లోకి లేచి ఉంది. అది అక్కడికి ఎలా వెళ్ళిందో ఆయనకు తెలియదు. దాన్ని తిప్పి చూసుకున్నారు. అరచెయ్యి మధ్యలో, సరిగ్గా నా బొడిపె అంత, గుండ్రంగా ఎర్రటి కాయ కాసి ఉంది.

"ఇది రెంచి పట్టుకుంటే వచ్చిందనుకున్నాను" అన్నారు మెల్లగా.

ఆయన కేలెండరు దగ్గరికి లాక్కున్నారు. ఈసారి ట్యాంకర్ల పుస్తకం పక్కన పెట్టి చదివారు. సోమవారాలు చదివారు. గురువారాల మీద వేలు పెట్టి కిందికి జరిపారు, పదిహేను, పదిహేను, పదహారు. మంగళవారాల దగ్గర వేలు ఆగింది. ఇంజనీరు కదా, పట్టిక ఇస్తే అర్థం చేసుకోగలరు. ఆ పట్టిక తనదేనని ఇన్నాళ్ళూ తెలియలేదంతే.

"మరి ఈ చిన్న సున్నాలు?" అన్నారు.

అసిరమ్మ చేత్తో ఆ గడుల్ని కప్పబోయి ఆగింది.

"ఇవి కూడా నావేనా?"

"కావు సార్. అవి నాయి."

"అంటే?"

"ఆ రోజు ఇంటికెల్లినాక మా గుంటని ఉత్తిపుణ్యానికి తిట్టినవి సార్. ఒక్కోపాలి సెయ్యి కూడా సేసుకున్నాను. దానికేటి తెల్సు? అన్నం తినమంటే తింటది, సదువుకోమంటే సదువుకుంటది. అయినా తిట్టినాను." ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "మొదట్ల తవరి లెక్కే రాసుకున్నాను. మరి నా లెక్క కూడా రాసుకోవాలి గదా అనిపించింది. సూస్తే తవరు పదైదు కొట్టిన రోజునే నాకు రెండో మూడో ఉన్నాయి."

పట్నాయక్ గారు మళ్ళీ చూశారు. పదిహేను కింద మూడు సున్నాలు. పద్నాలుగు కింద రెండు. పదహారు కింద నాలుగు. మంగళవారాల కింద ఏమీ లేవు. కూర్మారావు "ఖాళీ ట్యాంకర్లు" అన్న నోటిని చేత్తో కప్పుకుని మెల్లగా గదిలోంచి జారుకున్నాడు.

నా సంగతి చెబుతాను. నా మోత గుమ్మందాకా వినిపిస్తుందనుకునేదాన్ని, మహా అయితే వరండా చివరిదాకా. అది సాయంత్రం అసిరమ్మ వెంట బస్సెక్కి, రెండు కిలోమీటర్లు వెళ్ళి, ఒక పిల్ల వీపు మీద పడుతోందని ఆ రోజే నాకు తెలిసింది. లోహాన్ని గనక ఏడవలేదు. సిగ్గు మాత్రం పడ్డాను.

పట్నాయక్ గారు మెమో కాగితం తీసుకుని దాని మీద "సంజాయిషీ చూశాను. సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టారు. చెవుల చీటీని దానికి గుండుసూదితో గుచ్చారు. ఆ తర్వాత అడిగారు.

"ఈ లెక్క అసలెందుకు మొదలుపెట్టావు?"

"నా పెర్మనెంటు కాయితం మీద తవరి సంతకం కావాలి సార్. ఏ రోజు పెడితే పెడతారో తెలీక."

"ఆ కాగితం ఏది?"

"సంచిలో ఉంది సార్. మూడు వారాల బట్టి."

ఆయన చెయ్యి చాచారు. ఆవిడ సంచి జిప్పు లాగుతోంది. అంతలో ఆయనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇవాళ ఏ వారం?"

"గురువారం సార్."

"ఇవాళ వద్దమ్మా. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, కమిషనర్ గారు నన్ను తిట్టారు, నా మీద నాకే నమ్మకం లేదు. ఇందులో ఒక కామా తప్పు కనిపించినా ఎర్ర సిరా తీస్తాను. మంగళవారం తీసుకురా."

అసిరమ్మ ముఖం వాడిపోయింది. పెద్దవాళ్ళు "తర్వాత" అంటే దానికి ఎన్ని అర్థాలుంటాయో ఆవిడకు తెలుసు. నాకూ అనుమానమే. నిజం చెప్పాలంటే, మనుషుల గురించి అప్పటికి నాకు పెద్దగా ఆశలు మిగల్లేదు.

మధ్యలో సోమవారం దాటాలి. అర్జీల రోజు. నేను మూగగా కూర్చున్నాను. పదకొండు గంటలకు ఒక పెద్దాయన ఖాళీ బిందె తెచ్చి, నన్ను పక్కకు తోసి, పట్నాయక్ గారి బల్ల మీద ఠపీమని పెట్టాడు. పట్నాయక్ గారి చెయ్యి పైకి లేవడం చూశాను. ఈసారి ఆయన కూడా చూశారు. తన చేతిని తనే, ఎవరి పిల్లాణ్ణో పట్టుకున్నట్టు, రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "తాతగారూ, ఇప్పుడు నాకు చాలా చిరాకుగా ఉంది. మీ మీద కాదు. ఒక్క రెండు నిమిషాలు ఆగండి, అప్పుడు చెప్పండి" అన్నారు. పెద్దాయన బిత్తరపోయాడు. అర్జీ ఇవ్వడానికి వచ్చి ఏఈ గారికి మంచినీళ్ళు తెమ్మని అసిరమ్మకు పురమాయించాడు. "శాంతము" కాగితం ఆ సాయంత్రమే గోడ మీది నుంచి దిగింది. దాని స్థానంలో "గురువారం: రెండు అరటిపళ్ళు తినాలి" అన్న చీటీ వచ్చింది.

మంగళవారం నాలుగు గంటలకు పట్నాయక్ గారు పంపుహౌసు నుంచి వచ్చారు. మోకాళ్ళదాకా బురద, చేతులకు గ్రీజు. కుర్చీలో కూర్చోకుండానే "అసిరమ్మా, కాగితం" అన్నారు. నిలబడే చదివారు, నిలబడే "పని మిక్కిలి సంతృప్తికరం" అని రాశారు. "మిక్కిలి" అన్న మాట నమూనాలో లేదు. సంతకం పక్కన నల్లటి బొటనవేలి గ్రీజు మరక పడింది. కమిషనర్ ఆఫీసు నుంచి ఆ ఫైలు "ఈ మరక ఏమిటి, వివరించగలరు" అని ఒకసారి తిరిగొచ్చింది. ఆయన "పనిచేసిన చెయ్యి" అని రాసి పంపారు. మూడో వారానికి ఆర్డరు వచ్చింది. అసిరమ్మ ఆఫీసంతటికీ బెల్లం మిఠాయి పంచింది. నా నెత్తి మీద కూడా ఒక చిన్న ముక్క పెట్టింది. చీమలు పట్టాయి, అయినా సంతోషించాను.

నన్ను బాగుచేయించడానికి ఆయన ఎవరికీ ఇవ్వలేదు. సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి తనే విప్పారు. కౌన్సిలరు ఫోను వస్తే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని నన్ను భాగాలుగా విడదీసేవారు. ఫోను అయ్యేసరికి మళ్ళీ బిగించేవారు. అలా నన్ను ఏడాదిలో ఎన్నిసార్లు విప్పి బిగించారో లెక్కలేదు. దెబ్బలు తినడంకన్నా ఇది నయం. మధ్యలో ఎప్పుడో కొత్త స్ప్రింగు కూడా వేశారు. కోపాలు పూర్తిగా పోయాయని చెప్పను. ఒక్కో గురువారం అరటిపళ్ళు మర్చిపోయేవారు. కానీ అప్పుడు తనే తలుపు దగ్గరికి వచ్చి, "అసిరమ్మా, ఇవాళ పన్నెండులా ఉంది, కాస్త చూసుకో" అని ముందే చెప్పేవారు.

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు సామాను అప్పగింత జరిగింది. కూర్మారావు స్టాకు పుస్తకం మొదటినుంచి చివరిదాకా వెతికి, "సార్, ఈ బెల్లు ఎక్కడా లేదు" అన్నాడు. గుర్తుంది కదా, రెండు బెంచీలు, ఒక బోర్డు.

"అయితే ఇది ఆఫీసుది కాదు, నాదీ కాదు" అన్నారు పట్నాయక్ గారు. నన్ను తుడిచి అసిరమ్మ చేతిలో పెట్టారు. "దీన్ని ఎక్కువగా విన్నది నువ్వే. తీసుకెళ్ళు. హైమకు ఇవ్వు. నా తరఫున… ఏం చెప్పాలో తెలీడం లేదు. ఏదో ఒకటి చెప్పు."

ఇప్పుడు నేను అసిరమ్మ ఇంట్లో, నీళ్ళ కుండ పక్కన గూట్లో ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను మోగించే హక్కు హైమ ఒక్కదానికే ఉంది. అది ఎలా మొదలైందో చెప్పి ముగిస్తాను. ఒక సాయంత్రం కొళాయి వస్తుందని చూసి చూసి, రాక, అసిరమ్మ విసిగిపోయి ఉంది. హైమ చేతిలోంచి చెంబు జారి ఉన్న కాసిని నీళ్ళూ నేలపాలయ్యాయి. అసిరమ్మ గొంతు లేచింది. "కళ్ళు నెత్తికెక్కినాయా, నీలాటి గుంటని…" అంటూ చెయ్యి కూడా లేస్తోంది. హైమ వెనక్కి జరుగుతూ, గూట్లో చేతికి తగిలిన నన్ను భయంతో ఒక్కసారి నొక్కింది.

టింగ్.

"వొస్తన్నాను సార్!" అంది అసిరమ్మ.

తిట్టు సగంలో ఆగింది. చెయ్యి గాల్లోనే ఉంది. ఆవిడ దాన్ని చూసుకుంది, కూతుర్ని చూసింది, నన్ను చూసింది. ముందు హైమ నవ్వింది. ఆ తర్వాత అసిరమ్మ తడి నేల మీదే చతికిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

అప్పటినుంచి వాళ్ళమ్మ గొంతు లేస్తే హైమ నన్ను ఒక్కసారి నొక్కుతుంది. రెండోది ఇంతవరకూ అవసరం పడలేదు. వాళ్ళింట్లో కూడా తలుపు వెనక ఒక కేలెండరు ఉంది, సున్నాలు ఇప్పుడు హైమే పెడుతుంది. ఈ నెలలో రెండే ఉన్నాయి. రెండూ కొళాయి రాని రోజులే.